కంపల్సరీ వెయిటింగులో ఆరో విలాసం

బొంతు నిరీక్షణరావుకు ఆ పేరు పెట్టింది వాళ్ల నాన్న. మిషన్ స్కూల్లో హెడ్మాస్టరుగా చేసిన పెద్దమనిషి, ఆశకు మరో పేరు కదా అని ముచ్చటపడి పెట్టుకున్నాడు. కొడుక్కి యాభై దాటాక ప్రభుత్వం ఆ పేరును అక్షరాలా అమలు చేసింది. నిరీక్షణరావును కంపల్సరీ వెయిటింగులో పెట్టింది.

ఈ వెయిటింగంటే ఏమిటో ఎరగని అదృష్టవంతుల కోసం రెండు ముక్కలు. పాత కుర్చీలోంచి లేపుతారు, కొత్త కుర్చీ చూపించరు. హోదా ఉంటుంది, గది ఉండదు. హాజరు ఉంటుంది, పని ఉండదు. జీతం ఎప్పటికైనా వస్తుందిలెండి అని అందరూ ధైర్యం చెబుతారు, వాళ్లకు నెలనెలా వస్తుంది గనక. "నా పోస్టింగు సంగతేమిటండీ?" అని అడిగితే అవుననేవాడు ఉండడు, కాదనేవాడూ ఉండడు. "చూద్దాం" అని కూడా అనరు. చూద్దాం అంటే ఎప్పుడో ఒకప్పుడు చూడాల్సొస్తుంది.

నిరీక్షణరావు వెయిట్ చేస్తున్నది కొత్తరేవులోని రేవుల మండలి కార్యాలయంలో, మేడ మీది వరండాలో, ఒక బెంచీ మీద. వెయిట్ చేసి చేసి ఆయన వెయిటు కూడా కాస్త తగ్గింది. బెంచీకి ఎదురుగా తాళం వేసిన గది. తలుపు మీద 'డిప్యూటీ డైరెక్టర్ (టెక్నికల్)' అని ఇత్తడి పలక. దాని కింద పేరు రాసే చోటు ఖాళీ. ఆ ఖాళీకి నిరీక్షణరావు పేరే ప్రతిపాదనలో వెళ్లిందని బంట్రోతుల దగ్గర్నుంచి అందరికీ తెలుసు. ఇంట్లో ఆయన భార్య ప్రమీలారాణి ఆ గది కిటికీ కొలతలు కనుక్కుని, నీలం పూల కర్టెన్ కుట్టించి బీరువాలో పెట్టి ఉంచింది.

అది జూన్ నెల. రెండు నెలల వేట నిషేధం ఇంకో వారంలో ముగుస్తుందనగా కమిషనర్ హేమనళిని గారు సమీక్ష పెట్టారు. సంగతేమిటంటే, ఆ ఏడు నుంచి సముద్రంలోకి వెళ్లే ప్రతి మరబోటూ మండలి యాప్‌లో వేట పాసు తీసుకోవాలి. పాసు లేకుండా కదిలితే బోటు జప్తు. ఆ యాప్ వెనకాల ఉండే సర్వర్ ఏదో కంపెనీవాళ్ల క్లౌడ్‌లో ఉంటుంది. క్లౌడ్ అంటే మబ్బు. మబ్బుగా ఉన్నవాళ్ల చేత పని చేయించడం మండలికి కొత్త కాదు గనక ఇన్నాళ్లూ బాగానే నడిచింది.

ఈలోగా పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. ప్రపంచంలో పాత రకం నెట్‌వర్కు విలాసాలు, అంటే ఐపీ అడ్రసులనే నాలుగో తరం అంకెలు, అయిపోవస్తున్నాయట. కనుక ప్రతి ప్రభుత్వ సర్వరూ పాత విలాసాన్ని ఉంచుకుంటూనే, పక్కన ఆరో తరం విలాసం ఒకటి పెట్టుకోవాలి. ఏ దారిన వచ్చినవాణ్ణి ఆ దారిన లోపలికి రానివ్వాలి. సరే, పెట్టారు. పెట్టిన రోజు నుంచి పాసులు ఆగిపోయాయి.

"వేట పాసు ఇవ్వలేకపోతే వేటు పాసవుతుంది, మన మీద," అన్నారు కమిషనర్ గారు. "దీని మీద పూర్తి కాలం కేటాయించగల అధికారి ఎవరున్నారు?"

"ఖాళీగా ఉండడమే ఉద్యోగంగా ఉన్నది నిరీక్షణరావు గారొక్కరే మేడం," అన్నాడు ఎస్టాబ్లిష్‌మెంట్ సూపరింటెండెంట్ షణ్ముఖశర్మ. ఆయన పేరులో ఆరు ముఖాలున్నా దేనిలోనూ ఏ భావమూ కనిపించదు.

"నిరీక్షణరావు గారూ, సమస్య మూలాల్లోకి వెళ్లి, సమగ్రంగా, సత్వరంగా, సమన్వయంతో పరిష్కరించండి. నిషేధం ముగిసే సాయంత్రానికి పాసులు వస్తే ఆ గది తాళం మీ చేతికి. మీ ఆర్డరు టైపయ్యే ఉంది. సంతకమే తరవాయి."

నిరీక్షణరావుకు సర్వరంటే హోటల్లో ఇడ్లీ తెచ్చేవాడే పరిచయం. ఐనా తాళం మాట విన్నాక ఆయనకు కాళ్లల్లోకి రక్తం వచ్చింది. బెంచీ నుంచి తిన్నగా బీచికి వెళ్లాడు.

అక్కడ మరబోట్ల సంఘం అధ్యక్షురాలు గనగళ్ల నూకాలమ్మ బోటు నీడలో పీట వేసుకుని కూర్చుని ఉంది. రెండు బోట్లకు యజమానురాలు. ఆమె గొంతు బోటు ఇంజను కంటే ముందు ఒడ్డుకు చేరుతుందని పేరు.

"అమ్మా, మీకు నెట్టు బాగా వస్తోందా?" అన్నాడు నిరీక్షణరావు.

"నెట్టుకేటి బాబూ? రెండు నెల్లు కూకోని కుట్టుకున్నాం. ఒక్క కన్నం నేదు. ఇదిగో, సూసుకో," అని ఆమె పక్కనున్న వలల గుట్ట మీద చెయ్యి వేసింది.

"నేనడిగింది ఫోన్లో నెట్టు."

"అది మీ నెట్టు కాదేటి? మా నెట్టు మేం కుట్టుకున్నాం. మీ నెట్టు మీరు కుట్టుకోండి. మద్దిలో మమ్మల్నడుగుతావేటి?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. నిరీక్షణరావు కూడా నవ్వాడు, ప్రభుత్వం తరఫున.

"నవ్వులాటకి కాదు బాబూ," అంది నూకాలమ్మ. "ఐసు సెప్పేసినాం. డీజిలు కొట్టించినాం. గంగమ్మ తల్లికి పసుపు నీళ్లు పోసినాం. రెండు నెల్ల నుంచి పొయ్యి మీద సేప వాసన నేదు. పాసు రాకపోతే ఐసు కరిగి ఈ ఇసకలోనే కలుస్తాది, మేమూ దాంతోనే."

అప్పుడామె ఒక వింత చూపించింది. కోడలి కొత్త ఫోన్లో యాప్ తెరిస్తే తెల్లటి చక్రం ఒకటి తిరుగుతూ ఉంటుంది. తిరిగి తిరిగి, 'మీ సమయం ముగిసింది, మళ్లీ ప్రయత్నించండి' అంటుంది. నూకాలమ్మ దగ్గరున్న అద్దం పగిలిన పాత ఫోన్లో, పాత సిమ్ముతో, యాప్ తటాలున తెరుచుకుంటుంది. ఆమె ఒక బోటుకు పాసు అలాగే వచ్చింది. రెండో దానికి రాలేదు, ఒక ఫోను మీద ఒకటే పాసని మండలి రూలు గనక.

"కొత్త ఫోన్లకి గౌరవం నేదు బాబూ మీ ఆపీసులో. పాతోళ్లకే పన్లవుతన్నాయి," అంది నూకాలమ్మ.

నిరీక్షణరావు ఆ రెండు ఫోన్లనూ కళ్లారా చూసి, క్లౌడ్ కంపెనీవాళ్లు మండలికి అప్పగించిన ఇంజినీరు సల్మా దగ్గరికి వెళ్లాడు. ఆవిడ కింది అంతస్తులో ఏసీ గదిలో చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, జీడిపప్పు నములుతూ, ఎవరొచ్చి ఏమడిగినా ఒకటే జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉంది.

"రాసివ్వండి సార్. చేసేస్తాను."

"ఏం రాయాలో తెలియాలి కదమ్మా. అసలేం జరుగుతోంది?"

సల్మా ఒక చెవి విప్పింది. "కొత్త ఫోను ముందు కొత్త విలాసం దగ్గరికే వెళ్తుంది సార్. తలుపు కొడుతుంది. లోపల్నుంచి 'రా' అని వస్తే పని అయిపోతుంది. 'పో' అని వచ్చినా బాధ లేదు, వెంటనే పాత విలాసానికి వెళ్లి అక్కడ పని చేసుకుంటుంది. మన తలుపు రెండూ అనదు. కొట్టిన చప్పుడు కొట్టినట్టే మింగేస్తుంది. ఆ ఫోను నిలబడి, నిలబడి, నిలబడి... ఈలోగా యాప్ గడువు అయిపోతుంది. పాత ఫోనుకు కొత్త విలాసం ఉందనే తెలీదు గనక తిన్నగా పాతదాని దగ్గరికి పోతోంది."

నిరీక్షణరావుకు తన బెంచీ గుర్తొచ్చింది. "అవుననరు. కాదనరు."

"ఊఁ."

"ఎవరో ఒకరు పిలుస్తారనుకుని బయట నిలబడే ఉండాలి."

"కరెక్ట్. మీకు నెట్‌వర్కింగ్ తెలుసా సార్?"

"కొద్దిగా అనుభవం ఉందమ్మా. మరి ఆ తలుపు ఎందుకు మూశారు?"

"మీ ఎస్టాబ్లిష్‌మెంట్ వాళ్లు రాసిచ్చారు. 'తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు' అట."

మండలిలో ఒక ఆచారం ఉంది. కొత్తగా ఏది వచ్చినా, మనిషైనా మరైనా, ముందు ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లో జాయినింగ్ రిపోర్టు ఇచ్చుకోవాల్సిందే. ఆ మధ్య వచ్చిన మంచినీళ్ల యంత్రం కూడా రిపోర్టు ఇచ్చాకే నీళ్లిచ్చింది. ప్రొబేషన్ పూర్తికాకుండానే చెడిపోయింది గనక దానికి పెన్షన్ రాలేదు. ఆ లెక్కన ఆరో విలాసం కూడా షణ్ముఖశర్మ దగ్గరికే వెళ్లింది.

"విలాసం చేరిక నమోదు చేసుకున్నాం. పేరు ప్రకటించాం," అన్నాడు శర్మ, ఫైలు ముడి విప్పుతూ. "కానీ ఛార్జి ఇవ్వలేదు. ఎలా ఇస్తాం? సర్వర్ అనేది ఒక పోస్టు. అందులో నాలుగో విలాసం గారు ముప్పై ఏళ్ల పైచిలుకు సర్వీసుతో పని చేస్తున్నారు. ఆయన రిలీవ్ కాలేదు. ఒక పోస్టులో ఇద్దరు కూర్చున్నట్టు మీరెక్కడైనా విన్నారా?"

"రెండూ కలిసే పని చేయాలని పైవాళ్లు అన్నారు కదండీ."

"కలిసి పని చేయడం అనే ప్రొవిజన్ మన రూల్సులో లేదు. అందుకని కొత్తాయన్ను నిబంధనల ప్రకారం కంపల్సరీ వెయిటింగులో పెట్టాం."

నిరీక్షణరావు గుమ్మంలోంచి వరండాలోని తన బెంచీ వైపు చూసుకున్నాడు. దాని అవతలి చివర ఎవరో కూర్చుని జరగమంటున్నట్టు అనిపించింది. పేరు ప్రకటించారు, పని ఇవ్వలేదు. తలుపు మీద పేరుంది, తలుపు వెనక ఎవరూ లేరు. విలాసమేగానీ నివాసం లేదు.

"పోనీ శర్మగారూ, 'పో' అనైనా అనమనండి. సల్మాగారు ఒక్క మాట మారిస్తే చాలట. ఫోన్లు పాతాయన దగ్గరికి వెళ్లి బతుకుతాయి."

షణ్ముఖశర్మ కళ్లజోడు తీసి తుడిచాడు. చాలా ముఖ్యమైన సత్యాలు చెప్పేముందు ఆయన అలా చేస్తాడు.

"తిరస్కరించాలంటే కారణం రాయాలి. కారణం రాస్తే దాని మీద అప్పీలుకొస్తారు. నా సర్వీసులో నేర్చుకున్నది ఇదొక్కటేనండీ నిరీక్షణరావు గారూ. మౌనం మీద అప్పీలు లేదు."

విషయం మళ్లీ కమిషనర్ గారి సమావేశానికి ఎక్కింది. నిరీక్షణరావు తన ఇన్నేళ్ల ఇంగ్లీషూ తెలుగూ కలిపి చక్కగా వివరించాడు. మేడం చక్కగా విన్నారు. విన్నాక ఆడిట్ విభాగం నుంచి వచ్చిన ఒక కాగితం చదివారు.

"నాలుగు తరవాత ఆరు వచ్చింది. ఐదు ఏమైంది?"

అందరూ తమ ముందున్న కాగితాల్లో ఐదు కోసం వెతికారు.

"నాలుగు పాతది, ఆరు కొత్తది అంటున్నారు. మధ్యలో ఐదుకు సీనియారిటీ ఉండాలి కదా? దాన్ని దాటవేసి ఆరుకు పోస్టింగు ఇస్తే రేపు ఐదు కోర్టుకు వెళ్తే?"

సల్మా తలుపు దగ్గర నిలబడే చెప్పింది, "ఐదు అప్పట్లో ఏదో ప్రయోగం కోసం వాడి వదిలేశారు మేడం. జనంలోకి రాలేదు."

"వదిలేశారంటే? సస్పెన్షనా, స్వచ్ఛంద పదవీ విరమణా?"

సల్మా హెడ్‌ఫోన్లు తిరిగి చెవులకు పెట్టుకుంది.

ఐదో తరం విలాసం ఎక్కడున్నా వెంటనే మండలి ఎదుట హాజరై తన వాదన వినిపించుకోవచ్చునని, లేనిపక్షంలో హక్కు వదులుకున్నట్టు భావించబడునని, రెండు దినపత్రికల్లో ప్రకటన వేయించారు. ప్రకటనకు స్పందనగా ముగ్గురు వచ్చారు. ఇద్దరు ఇళ్ల స్థలాల కోసం. ఒకాయన ఐదో నంబరు వార్డులో కుళాయి రావడం లేదని. ముగ్గుర్నీ వరండాలో కూర్చోబెట్టారు. నిరీక్షణరావు బెంచీ మీద జరిగాడు.

ఐదు సంగతి అలా తేలాక, నిరీక్షణరావుకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఫోన్లకు విలాసాలు చూపించే పట్టిక ఒకటి ఉంటుందని సల్మా చెప్పింది. అందులోంచి ఆరో విలాసం పేరు కొన్నాళ్లు తీసేస్తే, దాని తలుపు కొట్టేవాడే ఉండడు. ఫోన్లన్నీ పాతాయన దగ్గరికే పోతాయి. ఛార్జి గొడవ తరవాత తీరిగ్గా తేల్చుకోవచ్చు.

"ఆలోచన బాగుంది," అన్నాడు షణ్ముఖశర్మ. "కానీ అది సర్వీసు నుంచి తొలగింపు అవుతుంది. ముందు షోకాజ్ నోటీసు ఇవ్వాలి. 'మిమ్మల్ని ఎందుకు తొలగించరాదో తెలుపగలరు' అని."

"ఎవరికి?"

"వారికే."

నోటీసు తయారైంది. ఆరో విలాసం మరీ పొడుగు. అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు, మధ్యమధ్యలో రెండేసి చుక్కలు కలిసి కవరు మీద రెండు వరసలు పట్టాయి. పోస్టాఫీసువాళ్లు పిన్ కోడ్ అడిగారు. అందుకని నోటీసును నెట్‌వర్కు ద్వారానే, ఆ విలాసానికే పంపమని సల్మాకు రాతపూర్వకంగా ఆదేశించారు. రాసిచ్చారు గనక ఆవిడ పంపింది. తలుపు మూసి ఉంది గనక అది లోపలికి పోలేదు. వెనక్కీ రాలేదు. మింగేసింది.

మర్నాడు శర్మ ఫైలు మీద ఎర్ర సిరాతో రాశాడు: 'నోటీసు స్వీకరించక, సమాధానము ఇవ్వక, ధిక్కార వైఖరి అవలంబించుచున్నారు. క్రమశిక్షణా చర్య ముగియువరకు వీరిని తొలగించుటకు గాని, కొనసాగించుటకు గాని వీలులేదు.'

ఆ మాటలు చదివి నిరీక్షణరావు ఎప్పుడూ లేనిది గొంతు పెంచాడు. "తలుపు మీరే మూసి, తలుపు తియ్యలేదని మీరే కేసు పెడతారేమిటండీ?"

"తలుపు మూసింది ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్. కేసు పెట్టింది క్రమశిక్షణ సెక్షన్," అన్నాడు శర్మ ప్రశాంతంగా. "రెండు సెక్షన్లకీ సూపరింటెండెంట్ని నేనే అయినా, నా మధ్య ఉత్తర ప్రత్యుత్తరాలు లేవు."

నిషేధం ముగిసే రోజు రానే వచ్చింది. పొద్దున్నే నూకాలమ్మ, వెనకాల రేవు రేవంతా, ఖాళీ బుట్టలతో మేడ ఎక్కారు. అరవలేదు. గేటు విరగ్గొట్టలేదు. వరండా పొడుగునా, మెట్ల మీద, రికార్డు గది దాకా వరసగా కూర్చున్నారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క ఫోను, ఒక్కొక్క ఫోన్లో ఒక్కొక్క తెల్ల చక్రం. మండలి చరిత్రలో మొదటిసారి ప్రజలూ ప్రభుత్వమూ ఒకే హోదాలోకి వచ్చాయి. అందరూ వెయిటింగే.

నూకాలమ్మ నిరీక్షణరావు పక్కన బెంచీ మీద చతికిలబడింది.

"ఏటి బాబూ, ఏటైనాది?"

"పరిశీలనలో ఉందమ్మా," అన్నాడు నిరీక్షణరావు. అనేశాక తన నోటివంక తనే అనుమానంగా చూసుకోవాలనిపించింది.

"నువ్వీడ కూకోని ఎన్నాళ్లైనాది?"

"చాలా కాలం."

"ఎవులూ ఏటీ సెప్పనేదా?"

"లేదు."

"ఓలమ్మ! మరెలా కూకున్నావు బాబూ? నేదంటే నేదనీమను. ఇంటికి పోయి ఏడుద్దుము. ఏడ్సీసి ఇంకో పని సూసుకుందుము. ఈలు ఏడవనివ్వరు, ఎల్లనివ్వరు. ఇది మనుసుల్తో సేసే పనేనా?"

అన్ని నెలలుగా ఆ మాట ఎవరైనా అంటే బాగుండునని ఎదురు చూస్తున్నట్టు నిరీక్షణరావుకు అప్పుడు తెలిసింది. లేచి, చొక్కా సర్దుకుని, పిలవకుండానే కమిషనర్ గారి గదిలోకి వెళ్లాడు. అలా వెళ్లడం కూడా ఆయన సర్వీసులో అదే మొదలు.

లోపల కమిషనర్ గారు, షణ్ముఖశర్మ, సల్మా ఉన్నారు. కిటికీలోంచి రేవు కనిపిస్తోంది. జెండాలు కట్టిన బోట్లు కదలకుండా, పెళ్లికి ముస్తాబై ముహూర్తం తప్పిన వాళ్లలా ఉన్నాయి. శర్మ మేడంకు ఏదో వివరిస్తున్నాడు.

"మార్గం లేకపోలేదు మేడం. ఆరో విలాసం గారికి మంజూరైన పోస్టు ఒకటి చూపించగలిగితే వెయిటింగు రద్దవుతుంది. వెయిటింగు రద్దయితే ఛార్జి ఇవ్వొచ్చు. ఛార్జి ఇస్తే తలుపు తీయడానికి సల్మాగారికి రాసివ్వొచ్చు. క్రమశిక్షణ కేసు పోస్టింగుకు అడ్డం కాదు. మనలో అందరికీ ఉన్నవే."

"ఖాళీ పోస్టు ఏదైనా ఉందా?"

శర్మ కళ్లజోడు తీసి తుడిచాడు. "ఒక్కటి. డిప్యూటీ డైరెక్టర్, టెక్నికల్."

మేడం బల్ల మీద ఆ పోస్టుకు సంబంధించిన కాగితం అప్పటికే ఉంది. 'శ్రీ బొంతు నిరీక్షణరావు గారిని...' అని మొదలయ్యే కాగితం. పక్కనే మూత తీసిన పెన్ను. మేడం తలెత్తి చూశారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. నిర్ణయం మరొకరు చేస్తే ఎంతటి మంచి నిర్ణయానికైనా అడ్డు చెప్పరు.

"నిరీక్షణరావు గారూ, సమయానికి వచ్చారు. ఇది మీకు ఇవ్వాలనే..."

నిరీక్షణరావు సల్మా వైపు తిరిగాడు. "అమ్మా, ఆ తలుపు ఇంకా కొడుతున్నాయా?"

సల్మా తన కంప్యూటర్ ఆయన వైపు తిప్పింది. తెర మీద వరసలు వరసలుగా ఏవో పైకి పాకుతున్నాయి. "ఒక్కో వరసా ఒక్కో ఫోను సార్. వరండాలో కూర్చున్నవాళ్లవే ఇవన్నీ. పాపం, ఆగకుండా కొడుతూనే ఉన్నాయి."

నిరీక్షణరావు కాసేపు ఆ వరసలు చూశాడు. నీలం పూల కర్టెన్ ఒకసారి కళ్ల ముందు ఊగింది. దాన్ని పక్కకు జరిపి అన్నాడు, "మేడం, ఆ పోస్టు ఆయనకే ఇచ్చేయండి. నాకు అలవాటైన బెంచీ ఉంది."

"మీరు రాసివ్వగలరా?" అన్నాడు షణ్ముఖశర్మ.

రాసిచ్చాడు. మిగతాదంతా మండలి మునుపెన్నడూ ఎరగనంత వేగంగా నడిచింది. నియామకపు ఉత్తర్వు, ఛార్జి సర్టిఫికెట్, తలుపు తీయమని సల్మాకు లేఖ. సల్మా లేఖను రెండుసార్లు చదువుకుని, జీడిపప్పు పొట్లం పక్కన పెట్టి, రెండే రెండు వరసలు కొట్టింది. ఆరో తరంవాళ్లను లోపలికి రానివ్వమని ఒకటి, వాళ్లకిచ్చే జవాబులు బయటికి పోయే దారి చూపిస్తూ ఒకటి.

వరండాలోంచి ఒక కేక లేచింది. "వొచ్చీసినాది!" ఆ వెంటనే ఇంకోటి. తరవాత లెక్కపెట్టడానికి లేకుండా కేకలు. బుట్టలు నెత్తికెత్తుకుని మెట్లు దిగుతున్న చప్పుడుకు మేడ అదిరింది. సాయంత్రానికి రేవులో ఇంజన్లు వెచ్చబడ్డాయి. తెల్లారేసరికి ఒక్క బోటు కూడా ఒడ్డున లేదు. వరండాలో బెంచీ ఉంది, బెంచీ మీద నిరీక్షణరావు ఉన్నాడు. ఎదురుగా ఇత్తడి పలక కింది ఖాళీలో పెయింటరు చిన్న చిన్న అక్షరాలతో ఆరో విలాసం మొత్తం రాస్తున్నాడు. పలక చాలక తలుపు చెక్క మీదికి వచ్చాడు.

వారం తిరక్కుండానే షణ్ముఖశర్మ బెంచీ దగ్గరికి వచ్చాడు.

"కొత్త డిప్యూటీ డైరెక్టర్ గారు పనిలో బాగా చురుగ్గా ఉన్నారని రిపోర్టు. రాత్రింబగళ్లు పాసులు ఇస్తున్నారు. కానీ హాజరుపట్టీలో సంతకం లేదు. సెలవు చీటీ లేదు. గదిలో చూస్తే మనిషి లేరు. ఆయన తరఫున ఆ కుర్చీలో కూర్చుని సంతకాలు చేయడానికి ఎవరైనా ఉండాలి. ఖాళీగా ఉన్నది మీరొక్కరే."

"నా పోస్టింగు అయినట్టేనా?"

శర్మ ముఖాలు ఆరూ మౌనం వహించాయి.

అలా నిరీక్షణరావు ఆ గదిలోకి వెళ్లాడు, సొంత పోస్టు లేకుండా, ఇంకొకరి ఛార్జితో. ప్రమీలారాణి వచ్చి కర్టెన్ కట్టి, తలుపు మీద పేరు చదవబోయి మధ్యలో ఆపేసి, "పోనీలెండి, కిటికీకి సరిగ్గా సరిపోయింది," అంది.

నూకాలమ్మ మొదటి వేట చందువా చేప ఒకటి బుట్టలో పెట్టుకుని వచ్చింది. "మా పాసులిచ్చిన కొత్తాపీసరు గోరికి ఇద్దామని. ఏరి?"

"ఆయన ఇక్కడ ఉండరమ్మా."

"ఎప్పుడొస్తారు?"

"రారు."

నూకాలమ్మ బుట్ట దించి ఆయన ముఖంలోకి తేరిపార చూసింది. "ఓలమ్మ! సక్కగా సెప్పీసినావే బాబూ. ఈ మేడ మీద ఒక్క మాటకి ఒక్క జవాబు ఇదే ఇనడం." చేపను బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయింది.

అప్పట్నుంచి ఆ గదికి జనం రావడం మొదలైంది. ఐదో వార్డు కుళాయి ఆయన వచ్చాడు. "ఇది మా పని కాదండీ, మునిసిపాలిటీకి వెళ్లండి," అన్నాడు నిరీక్షణరావు. ఇళ్ల స్థలాలవాళ్లు వచ్చారు. "మండలి స్థలాలు ఇవ్వదు," అన్నాడు. లైసెన్సు కోసం వచ్చినవాడికి "అవుతుంది, రేపు రండి," అన్నాడు, మర్నాడు చేసిచ్చాడు. తలుపు తట్టినవాణ్ణి ఎవర్నీ నిలబెట్టలేదు. రా అంటే రా, పో అంటే పో. వరండా ఖాళీ అయింది. బెంచీ ఖాళీ అయింది. కింద టీ కొట్టువాడు బేరం పడిపోయిందని ఫిర్యాదు చేశాడు.

ఒక మధ్యాహ్నం బంట్రోతు మెమో తెచ్చాడు. క్రమశిక్షణ సెక్షన్ నుంచి. 'మండలి స్థాపన నాటి నుండి ఏ అధికారియు అవలంబించని రీతిలో, ప్రజలడిగినదే తడవుగా వారికి సమాధానములు ఇచ్చుచున్నట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. ఇది నిజమా? ఏడు దినములలోగా తెలుపగలరు.' సంతకం షణ్ముఖశర్మది.

బంట్రోతు మెమో ఇచ్చేసి వెళ్లబోతుంటే నిరీక్షణరావు, "ఒక్క క్షణం ఆగు నాయనా," అన్నాడు. ఆ మెమో మీదే, ఆ సంతకం పక్కనే, 'నిజమే' అని రాసి అతని చేతికిచ్చి పంపేశాడు.